గుహ నోటి దగ్గర ఆగిన పడవ

సముద్రపు గుహను నేల మీద నిలబడి సరిగా చూడడం చాలా చోట్ల సాధ్యం కాదు. కొండ అంచున నిలబడితే గుహ మన కాళ్ల కిందే ఉండిపోతుంది. పక్కనున్న ఇసుక తీరం నుంచి చూస్తే కొండ మలుపు అడ్డం వస్తుంది. కాస్త దూరం నుంచి కనిపించినా, రాతిగోడ అడుగున నీటిని ఆనుకుని ఉన్న ఒక నల్లటి చీలికగానే తప్ప దాని లోతు, ఎత్తు, లోపలి వెలుగు ఏవీ అంతుపట్టవు. దానిని చేసినది నీరు కాబట్టి దాని ద్వారం నీటివైపే తెరుచుకుని ఉంటుంది, మనం కూడా నీటి మీదుగానే వెళ్లాలి. అందుకే తీరం వెంట గుహలను చూపించే పడవ ప్రయాణాలంటే నాకు మొదటినుంచీ ఎంతో ఇష్టం. వీలు దొరికినప్పుడల్లా వెళుతూ వచ్చాను, వెళ్లలేని చోట్ల గురించి చదువుతూ వచ్చాను. ఈ ప్రయాణాల గురించి నాకు కలిగిన అభిప్రాయాన్ని ఇక్కడ వివరంగా రాయాలనుకుంటున్నాను. ఆ అభిప్రాయం ఇది: ఈ యాత్రలో మనం డబ్బు చెల్లించేది గుహను చూడడానికే అనుకుంటాము గానీ, నిజానికి మనకు దక్కే అసలైన విలువ పడవ నడిపే మనిషికి ఆ నీటి గురించి ఉన్న తెలివిడి. అది ఉన్నవాడితో వెళితే చిన్న గుహ కూడా గొప్పగా అర్థమవుతుంది, లేనివాడితో వెళితే లోకప్రసిద్ధమైన గుహ కూడా ఒక ఫొటోగా మిగిలిపోతుంది.

మంచి గైడు గుహ దగ్గరికి రాగానే ముందుగా పైకప్పును చూపించడు, గోడలో ఉన్న పగులును చూపిస్తాడు. సముద్రం కొండను అంతటా ఒకేలా తినదు. రాయిలో ఎక్కడో ఒక బలహీనత ఉండాలి. భూమి కదిలినప్పుడు ఏర్పడిన పగులు కావచ్చు, గట్టిరాయికీ మెత్తరాయికీ మధ్య ఉన్న అతుకు కావచ్చు, పాత రాయిలోకి చొచ్చుకువచ్చి గడ్డకట్టిన లావా గోడ కావచ్చు. అల వచ్చి ఆ పగులును కొట్టినప్పుడు లోపలున్న గాలి బయటికి పోయే దారిలేక నొక్కుకుపోతుంది. అల వెనక్కి తగ్గగానే ఆ గాలి ఒక్కసారిగా విచ్చుకుంటుంది. ఈ నొక్కుడూ విడుపూ రోజుకు వేలసార్లు, శతాబ్దాల తరబడి జరిగి పగులును లోపలినుంచి విడదీస్తాయి. ఊడిపడిన రాళ్లను అలలే మళ్లీ ఎత్తి గోడలకేసి కొడతాయి, ఇసుక ఆ గోడలను అరగదీస్తుంది. సున్నపురాయి అయితే దానిలో తొర్రలు చేసుకుని బతికే గుల్లజీవులు కూడా తమ వంతు పని చేస్తాయి. గుహ పైకప్పు మధ్యలో తిన్నగా లోపలికి సాగిపోయే ఒక గీతలాంటి చీలిక చాలా గుహలలో కనిపిస్తుంది. అక్కడే ఆ గుహ మొదలైందని ఒకసారి తెలిసిన తరువాత, తీరం వెంట పడవ సాగుతున్నంతసేపూ మన కళ్లు అలాంటి గీతలనే వెతుకుతాయి. ఇంకా గుహ కాని చీలికలు, గుహలుగా మారుతున్న పొట్టి తొర్రలు, రెండువైపులా తొలిచి వంతెనలా మిగిలిన రాతి కమానులు, కమాను కూలిపోయాక నీటిలో ఒంటరిగా నిలిచిన స్తంభాలు అన్నీ ఒకే పనిలోని వేరు వేరు దశలుగా కనిపించడం మొదలవుతుంది.

రాయి మారితే గుహ స్వరూపమే మారిపోతుంది. స్కాట్లాండ్ పడమటి తీరానికి ఆవల ఉన్న స్టాఫా ద్వీపంలోని ఫింగల్ గుహ సుమారు 6 కోట్ల ఏళ్లనాటి లావాలో ఏర్పడింది. ఆ లావా చల్లారుతూ కుంచించుకుపోయినప్పుడు ఆరు పలకల నల్లరాతి స్తంభాలుగా పగిలింది. గుహ గోడలంతటా ఆ స్తంభాలే వరుసగా నిలబడి ఉండడంవల్ల అది మనుషులు కట్టిన మందిరమేమో అనిపిస్తుంది. 1772లో ఆంగ్ల ప్రకృతి శాస్త్రవేత్త జోసెఫ్ బ్యాంక్స్ ఐస్‌లాండ్‌కు వెళుతూ దారిలో అక్కడ ఆగి దాని గురించి లోకానికి తెలియజేశాడు. కాలిఫోర్నియా తీరానికి ఎదురుగా ఉన్న శాంతాక్రూజ్ ద్వీపంలోని పెయింటెడ్ కేవ్ కూడా అగ్నిపర్వత శిలలోనిదే, కానీ దానిలో స్తంభాలు ఉండవు. దాని ద్వారం దాదాపు 50 మీటర్ల ఎత్తు ఉంటుంది, లోపలికి సుమారు 370 మీటర్ల పొడవున సాగుతుంది. రాతి రంగులూ, దానిమీద పెరిగే నాచూ, శిలావల్కాలూ (లైకెన్లు) కలిసి గోడలకు పసుపు, ఎరుపు, ఆకుపచ్చ పూతలు పూస్తాయి. పోర్చుగల్ దక్షిణాన అల్గార్వ్ తీరంలోనైతే రాయి మెత్తగా, పొరలు పొరలుగా, లేత పసుపుగా ఉంటుంది. కోటి ఏళ్లకు పైబడిన ఆ పొరలలో సముద్రపు గుల్లల శిలాజాలు చేతికందే దూరంలో కనిపిస్తాయి. న్యూజీలాండ్‌లోని ఒటాగో తీరాన ఉన్న మటైనాకా గుహను 2012లో కొలిచినప్పుడు అది ఒకటిన్నర కిలోమీటర్లకు పైగా పొడవున్నట్టు తేలింది. ఇప్పటివరకు కొలిచిన సముద్రపు గుహలన్నిటిలోకీ అదే పొడవైనదిగా చెబుతున్నారు. ఇంత పొడవు అరుదు. సాధారణంగా లోపలికి వెళ్లేకొద్దీ అల బలం తగ్గిపోతుంది కాబట్టి చాలా గుహలు కొన్ని పదుల మీటర్లకే ముగుస్తాయి.

మరొక సంగతి కూడా గైడును అడగదగినది: ఈ గుహ ఎప్పటిది? రాయి వయసు వేరు, గుహ వయసు వేరు. సుమారు 20,000 ఏళ్ల కిందట మంచుయుగం ఉధృతంగా ఉన్నప్పుడు సముద్రమట్టం ఇప్పటికంటే 120 మీటర్లకు పైగా కిందికి దిగి ఉండేది. ఇప్పుడు మనం పడవలో నిలిచిన చోటు అప్పుడు పొడి నేల. నీరు ఇప్పటి మట్టానికి దాదాపుగా చేరి నిలకడపడి కొన్ని వేల ఏళ్లే అయింది. అయితే సుమారు 1,25,000 ఏళ్ల కిందట, రెండు మంచుయుగాల నడుమ, సముద్రం ఇప్పటికంటే కొన్ని మీటర్ల ఎత్తున ఉండేది. నేటి గుహలలో కొన్ని ఆనాడే మొదలై, మధ్యలో పని ఆగి, మళ్లీ నీరు పైకి వచ్చాక కొనసాగినవి. అలలు అందనంత ఎత్తున గోడకు ఒక అడ్డగాడి కనిపిస్తే అది పాత సముద్రం నిలిచిన గుర్తు అయి ఉండవచ్చు. నేల పైకి లేవడంవల్ల కూడా అలా జరగవచ్చు కాబట్టి తెలిసిన గైడు దేనివల్ల జరిగిందో ఆ తీరాన్ని బట్టి చెబుతాడు. ఈ వివరం చెప్పకుండా ఈ రాయి ఏనుగులా ఉంది, ఆ రాయి మొసలిలా ఉంది అంటూ ఆకారాలు చూపించడంతోనే సరిపెట్టే యాత్రలు చాలా ఉన్నాయి. పిల్లలకు అది సరదాయే, కాదనను. కానీ అంతటితో ఆగిపోతే మనసుకు లోటుగా ఉంటుంది.

ఇక ఈ ప్రయాణంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచే ఘట్టం గుహలోకి వెళ్లకముందు జరుగుతుంది. పడవ గుహ నోటికి కాస్త ఎడంగా ఆగుతుంది. ఇంజన్ శబ్దం తగ్గుతుంది. సరంగు ఏమీ మాట్లాడకుండా చూస్తూ ఉంటాడు. ప్రయాణికులలో తొందరపడేవారు ఎందుకు ఆగామని అడుగుతారు. అతడు చూస్తున్నది గుహను కాదు, తన వెనకనున్న సముద్రాన్ని. అలలు ఒకే ఎత్తున రావు. కొంతసేపు చిన్నవి వచ్చి, తరువాత కొన్ని పెద్దవి గుంపుగా వచ్చి, మళ్లీ నెమ్మదిస్తాయి. ఆ పెద్ద గుంపు ఎంతసేపటికి ఒకసారి వస్తున్నదో, అది వచ్చినప్పుడు గుహ లోపలి గోడమీద నీరు ఎంత ఎత్తుకు ఎగురుతున్నదో చూడకుండా లోపలికి పోయే సరంగు దగ్గర నేను పడవ ఎక్కదలచుకోను. గాలిలేని రోజున, నీలాకాశం కింద కూడా, ఎక్కడో వందల మైళ్ల దూరంలో లేచిన తుఫాను పంపిన పొడవాటి అలలు తీరాన్ని చేరుతూ ఉండవచ్చు. అవి లోతునీటిలో కంటికి ఆనవు, పడవను మెల్లగా ఎత్తి దించుతాయంతే. ఒక శిఖరానికీ మరొక శిఖరానికీ మధ్య వ్యవధి ఎక్కువగా ఉన్న అలకు అదే ఎత్తుండి వ్యవధి తక్కువగా ఉన్న అలకంటే బలం ఎక్కువ. లోతు తగ్గిన చోటికి రాగానే అది లేస్తుంది, సన్నబడే గుహలోకి దూరగానే ఇంకా లేస్తుంది. వెలుపల మోకాలి ఎత్తున కనిపించినది లోపల పైకప్పును తాకవచ్చు. దానికి తోడు కొండకు కొట్టుకుని వెనక్కి వచ్చే అలలు ఎదురువచ్చే అలలతో కలిసి గుహ ముందరి నీటిని ఎటుపోతున్నదో తెలియనట్టు ఎగరేస్తూ ఉంటాయి. ఇదంతా లెక్కకట్టి, పడవ వెడల్పునూ మలుపు తిరగడానికి కావలసిన చోటునూ కలుపుకుని, ఇప్పుడు వెళ్లవచ్చా లేదా అని తేల్చడానికి అతనికి ఉండేది కొద్ది నిమిషాలు మాత్రమే.

ఆటుపోట్ల లెక్క దీనికి తోడవుతుంది. చాలా తీరాలలో ఒక పోటుకూ మరొక పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది, అంటే పోటు సమయం రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. అమావాస్యకూ పౌర్ణమికీ దగ్గరగా పోటు మరింత ఎత్తుకు లేస్తుంది, ఆటు మరింత కిందికి దిగుతుంది. నిన్న పదిగంటలకు వెళ్లిన పడవ ఈరోజు పదిన్నర దాటాక బయలుదేరడం, ఇదే యాత్ర వచ్చే వారం అసలు వేరే పూట ఉండడం దీనివల్లనే. థాయ్‌లాండ్‌లోని ఫాంగ్‌ఙా అఖాతంలో సున్నపురాతి ద్వీపాల కడుపులో పైకప్పు కూలిపోయి ఆకాశానికి తెరుచుకున్న మడుగులు ఉన్నాయి. వాటిలోకి చేరడానికి గుహల వంటి సొరంగాలే దారి. నీరు మరీ ఎక్కువైతే సొరంగం పైకప్పుకూ నీటికీ మధ్య మనిషి పట్టే చోటు ఉండదు, మరీ తక్కువైతే పడవ రాళ్లమీద ఆనుతుంది. ఆ మధ్యనున్న వ్యవధిలోనే చిన్న పడవలలో వెల్లకిలా పడుకుని లోపలికి పోతారు, నీటిమట్టం మారేలోపు తిరిగి రావాలి. మధ్యధరా సముద్రంలో ఆటుపోట్లు చాలా స్వల్పం కాబట్టి అక్కడ గాలీ అలలూ మాత్రమే నిర్ణయిస్తాయి. ఇటలీలోని కాప్రి ద్వీపపు నీలి గుహకు ద్వారం నీటిమట్టానికి పైన ఒక మీటరు ఎత్తే ఉంటుంది. పడవలో ఉన్నవారంతా అడుగున పడుకోవాలి, పడవవాడు రాతికి బిగించిన గొలుసును పట్టుకుని, అల దిగిన క్షణంలో లాగి లోపలికి జారుస్తాడు. సముద్రం కాస్త కదిలినా ఆ గుహను మూసివేస్తారు. ఎంతో దూరం నుంచి వచ్చినవారు ద్వారాన్ని మాత్రమే చూసి వెనుదిరుగుతారు.

ఈ వెనుదిరగడం గురించి నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను. సరంగు "ఈరోజు లోపలికి వద్దు" అన్నప్పుడు ఆ మాటకు విచారించవచ్చు, వాదించకూడదు. పడవలో ఇద్దరు ముగ్గురు గట్టిగా అడిగితే అతనిమీద ఒత్తిడి పడుతుంది, అతని జీవనం ప్రయాణికుల సంతోషం మీద ఆధారపడి ఉంటుంది కాబట్టి ఆ ఒత్తిడి చిన్నది కాదు. ఒకసారి మాతో వచ్చిన సరంగు గుహ నోటి దగ్గర చాలాసేపు ఆగి, రెండు పెద్ద గుంపులు వెళ్లిపోయేదాకా చూసి, చివరకు తల అడ్డంగా ఊపి పడవను తిప్పాడు. అందరి ముఖాలు చిన్నబోయాయి. కానీ అతడు అక్కడినుంచి వెళ్లిపోలేదు. సురక్షితమైన దూరంలో పడవను నిలిపి, గుహలోకి దూరిన ప్రతి అల ఏం చేస్తున్నదో వివరించాడు. అల లోపలికి పోయిన కొద్ది క్షణాలకు గుండెకు తగిలేటంత లోతైన చప్పుడు వచ్చేది, దాని వెంటే నీటిపొగ బయటికి చిమ్మేది. ఆ చప్పుడు నీరు రాతిని కొట్టినది కాదనీ, వెనుక గోడ దగ్గర చిక్కుకున్న గాలి నొక్కుకుని విడుదలైనదనీ అప్పుడే నాకు బోధపడింది. ప్రశాంతమైన రోజున లోపలికి వెళ్లి ఉంటే గుహ ఎలా తయారవుతుందో నేను కళ్లారా చూసి ఉండేవాడిని కాను. గుహ తయారయ్యేది మనం లోపలికి వెళ్లలేని రోజులలోనే.

లోపలికి వెళ్లగలిగిన రోజున మొదట ఎదురయ్యేది చీకటి. ఎండనుంచి వచ్చిన కళ్లు పూర్తిగా చీకటికి అలవాటుపడడానికి అరగంట దాకా పడుతుంది, పడవ లోపల ఉండేది ఎక్కువలో ఎక్కువ కొన్ని నిమిషాలు. కనుక నేను గుహ దగ్గరికి వచ్చేదాకా నల్లకళ్లద్దాలు తీయను, నోట్లోకి ప్రవేశించగానే తీసివేస్తాను. కొందరు లోపలికి రాగానే ఫోన్ వెలుగుతో గోడలను తడుముతారు, దానితో తమ కళ్లనే కాక పక్కవారి కళ్లను కూడా పాడుచేస్తారు. వెలుగు వేయకుండా రెండు నిమిషాలు ఓపిక పడితే గోడమీద రంగులు ఒక్కొక్కటే బయటపడతాయి. నీటిమట్టానికి దగ్గరగా రాతిని అంటిపెట్టుకున్న గుల్లల తెల్లని పట్టీ, దానికి కింద ముదురు నాచు, దానికి పైన ఉప్పు తుంపర మాత్రమే తగిలే చోట నల్లని పూత అంతస్తులుగా ఉంటాయి. పోటు ఎంతవరకు వస్తుందో ఆ పట్టీలను చూసి మనమే చెప్పవచ్చు.

నీటి వెలుగు ఈ యాత్రకు వచ్చేవారిలో ఎక్కువమందిని రప్పించేది, దానికి తగ్గ అందం దానిలో ఉంది. నీరు ఎర్రని కాంతిని కొద్ది మీటర్ల లోతులోనే మింగేస్తుంది, నీలికాంతిని చాలా దూరం పోనిస్తుంది. గుహ ద్వారం నీటి పైన చిన్నదిగా ఉండి నీటి కింద పెద్దదిగా ఉంటే, ఎండ ప్రధానంగా కిందినుంచి, నీటిలోగుండా వడకట్టబడి లోపలికి వస్తుంది. అప్పుడు గుహలోని చీకటికి కింద నీరే దీపంలా వెలుగుతుంది. కాప్రి గుహలో జరిగేది ఇదే. అక్కడ చేయి నీటిలో ముంచితే చర్మానికి అంటుకున్న బుడగలవల్ల అది వెండిలా మెరుస్తుంది. రోమన్ల కాలంలోనే ఆ గుహ తెలుసు, 1964లో దాని అడుగునుంచి రోమన్ విగ్రహాలను వెలికితీశారు. తరువాతి కాలంలో దాదాపు మరుగునపడి, 1826లో జర్మన్ చిత్రకారుడు ఆగస్ట్ కోపిష్, అతని మిత్రుడు ఎర్నెస్ట్ ఫ్రీస్ స్థానిక మత్స్యకారుని తోడుతో వెళ్లిన తరువాత అది మళ్లీ లోకానికి పరిచయమైంది. క్రొయేషియాలో విస్ ద్వీపం దగ్గరున్న బిషెవో ద్వీపపు నీలి గుహకైతే పడవ వెళ్లే దారే ఉండేది కాదు. ఇప్పుడు పడవలు దూరే ద్వారాన్ని 1884లో మనుషులు తొలిచారు. ఎండ నీటికిందనున్న సహజమైన ద్వారంగుండా వచ్చి తెల్లని అడుగుభాగం మీద పడి పైకి లేస్తుంది. ఉదయం 11 గంటలనుంచి మధ్యాహ్నం దాకా అది అన్నిటికంటే బాగుంటుందని అంటారు. అలాంటి గుహకు మబ్బు పట్టిన రోజునో సాయంత్రమో వెళితే కనిపించేది మామూలు నీటి చీకటే. కాబట్టి ఏ గుహ ఏ పూట బాగుంటుందో ముందే అడిగి తెలుసుకోవడం మంచిది. ప్రతి తీరానికీ, ప్రతి ద్వారం తిరిగి ఉన్న దిక్కుకూ జవాబు వేరుగా ఉంటుంది.

పైకప్పుకు రంధ్రం పడిన గుహలది మరొక తరహా. అల్గార్వ్‌లోని బెనాగిల్ గుహ వీటిలో ఎక్కువ ప్రసిద్ధి పొందినది. పైనుంచి వాననీరు సున్నపురాతిని కరిగిస్తూ దిగింది, కిందినుంచి అలలు తొలుస్తూ వచ్చాయి, రెండూ కలిసిన చోట కప్పు కూలి గుండ్రని కన్నులా ఆకాశం కనిపిస్తుంది. సముద్రంవైపు రెండు కమానులు, లోపల ఒక చిన్న ఇసుక తిన్నె ఉంటాయి. ఆ తిన్నె మీద నిలబడి పైకి చూస్తూ ఫొటో తీసుకోవడానికి వేలమంది వెళుతూ ఉండడంతో, 2024లో అక్కడి అధికారులు కొత్త నియమాలు పెట్టారు. గుహలోని ఇసుక మీద దిగకూడదు, ఈదుకుంటూ లోపలికి వెళ్లకూడదు, గైడు లేకుండా అద్దె కయాక్‌లలో (తెడ్డుతో నడిపే సన్నని చిన్న పడవలలో) వెళ్లకూడదు. ఈ నిషేధాన్ని కొందరు విమర్శించారు గానీ నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. ఆ తీరంలోనే 2009 ఆగస్టులో మరియా లూయిసా సముద్రతీరంలో కొండ చరియ విరిగిపడి అయిదుగురు మరణించారు. రంధ్రం పడిన పైకప్పు అంటే ఇప్పటికే కొంత కూలిన పైకప్పు, మిగిలినది ఎప్పుడు కూలుతుందో రాయి ముందుగా చెప్పదు. మాల్టా దేశంలోని గోజో ద్వీపాన నీలి కిటికీగా పేరుపొందిన రాతి కమాను 2017 మార్చి 8న తుఫానులో స్తంభంతో సహా కూలిపోయింది. మరునాటికి అక్కడ చూడడానికి ఏమీ మిగలలేదు. సముద్రం కట్టిన ప్రతి ఆకారాన్నీ సముద్రమే పడగొడుతుంది. అందుకనే పడవనుంచి చూసి సంతోషించడం నాకు సరిపోతుంది. పైగా పడవలోనుంచి చూసినప్పుడే గుహ ఎత్తు సరిగా తెలుస్తుంది.

గుహలు కొన్ని జీవులకు నివాసాలు కూడా. మధ్యధరా మాంక్ సీల్ అనే సముద్రపు క్షీరదం ఒకప్పుడు తెరిచి ఉన్న ఇసుక తీరాల మీద విశ్రమించేది, అక్కడే పిల్లలను కనేది. వేటవల్లా మనుషుల రద్దీవల్లా ఆ తీరాలను వదిలిపెట్టి, నీటికింద ద్వారాలున్న గుహలలోకి తప్పుకుంది. ఇప్పుడు ప్రపంచంలో ఆ జాతి జీవులు వెయ్యికి మించి లేవు. తుఫాను అల గుహలోకి వస్తే పిల్లలు కొట్టుకుపోతాయి, అంటే అది కోరి ఎంచుకున్న చోటు కాదు. దానికి మిగిలిన చివరి చోటు. అటువంటి గుహ ముందు మన పడవ ఇంజన్ మోగుతూ నిలిస్తే తల్లి పిల్లను వదిలి నీటిలోకి దూకే ప్రమాదం ఉంది. పెయింటెడ్ కేవ్ చివరి చీకటి గదిలో సముద్ర సింహాలు ఉంటాయి. ఆగ్నేయాసియా గుహల కప్పుల మీద స్విఫ్ట్‌లెట్ పక్షులు గూళ్లు కట్టుకుంటాయి, వాటి గూళ్ల కోసం మనుషులు ఎప్పటినుంచో ఎగబాకుతున్నారు. మంచి గైడుకు ఏ గుహలో ఏ నెలలలో పిల్లలు ఉంటాయో తెలుస్తుంది, ఆ నెలలలో ఆ గుహను దాటించి వెళ్లిపోతాడు. అప్పుడు అతడు ఒక గుహ తగ్గించాడని కొందరు సణుగుతారు. నాకు మాత్రం అటువంటి గైడు మీద గౌరవం రెట్టింపవుతుంది.

పడవలో ఎక్కడ కూర్చోవాలన్నది అందరూ తేలికగా తీసుకునే విషయం. రబ్బరు పడవ ముందుభాగం అలమీద ఎక్కువగా ఎగిరి పడుతుంది. నడుం నొప్పి ఉన్నవారు, గర్భిణులు ఆ వేగపు పడవలను పూర్తిగా మానుకోవాలి, మిగిలినవారు వెనుకభాగానికి దగ్గరగా కూర్చుంటే కుదుపు తగ్గుతుంది. వాంతి వచ్చే స్వభావం ఉన్నవారు మాత్రను బయలుదేరడానికి ముందే వేసుకోవాలి, కడుపు తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే పెద్దగా పనిచేయదు. తిప్పుతున్నప్పుడు ఆకాశం నీటిని కలిసే గీతను చూస్తూ ఉండాలి. గుహ ముందు పడవ ఆగి ఊగుతున్న ఆ కొద్ది నిమిషాలే చాలామందికి కష్టమైనవి, పడవ కదులుతుంటే అంతగా ఉండదు. గుహలోకి వెళ్లాక చేతులను పడవ అంచుల మీదనుంచి లోపలికి తీసుకోవాలి. పడవకూ రాతికీ మధ్య వేళ్లు పడితే అలకు దయ ఉండదు. లైఫ్ జాకెట్ పట్టీలను ఒడ్డునే బిగించుకోవాలి. కొందరు సరంగులు లోపల ఇంజన్‌ను ఆపి తెడ్లతో నిలుపుతారు, పొగ గుహలో నిండకుండా ఉంటుంది, నీటి చప్పుడు వినిపిస్తుంది. అయితే అలలున్న రోజున ఇంజన్ ఆపడం ప్రమాదం కాబట్టి దానిని వారి విచక్షణకే వదలాలి.

యాత్రను ఎంచుకునేటప్పుడు గుహల సంఖ్య చూసి మోసపోవద్దని నా సలహా. ఒక గంటలో పాతిక గుహలు అని రాసి ఉంటే, ఒక్కొక్క గుహకు దక్కేది రెండున్నర నిమిషాలయినా ఉండదు, అందులో సగం పడవ తిరగడానికే పోతుంది. నాలుగైదు గుహల దగ్గర తీరికగా ఆగే చిన్న పడవ, తక్కువమంది ప్రయాణికులు, ఆ తీరంలోనే ఏళ్ల తరబడి చేపలు పట్టినవారో పడవ నడిపినవారో గైడుగా ఉండడం నేను కోరుకుంటాను. పెద్ద పడవలు గుహ లోపలికి వెళ్లలేవు, ద్వారం ముందు నిలిచి చూపిస్తాయి. నడవడం కష్టమైన పెద్దవారికి అవే మేలు. కయాక్‌లో వెళితే నిశ్శబ్దం దక్కుతుంది, సన్నని చీలికలలోకి కూడా వెళ్లవచ్చు, కానీ గుహ నోటి దగ్గర అలను చదవడం మన చేతిలో పడుతుంది కాబట్టి గైడు వెంట లేకుండా వెళ్లడాన్ని నేను సమర్థించలేను. బయలుదేరే ముందు నేను తప్పకుండా అడిగే ప్రశ్నలు రెండే. సముద్రం బాగా లేకపోతే ఏం చేస్తారు? లోపలికి వెళ్లలేకపోతే ఆ సమయంలో ఏం చూపిస్తారు? వేరే పూటకు మారుస్తామనో, డబ్బు తిరిగి ఇస్తామనో, బయటినుంచే కొండను చూపిస్తూ తీసుకువెళతామనో చెప్పేవారిని నమ్ముతాను. ఎలాంటి రోజైనా సరే లోపలికి తీసుకెళ్లి తీరుతామని హామీ ఇచ్చేవారి పడవ మాత్రం ఎక్కను.